ఆషాఢంలో చూసిన ఇల్లు

2024 ఏప్రిల్‌లో హనుమకొండలో ఒక ఇంటికి లక్ష రూపాయల బయానా ఇచ్చి, అదే ఏడాది జూలైలో అందులో సగం వదులుకుని బయటపడ్డాము. వరంగల్‌ కరీమాబాద్‌లో మా బాపు కట్టించిన ఇల్లు అమ్మి, పిల్లల చదువులకూ మా వారి ఉద్యోగానికీ దగ్గరగా ఉండే ఇల్లు కొనాలని అప్పటికి ఏడాదిగా తిరుగుతున్నాము. ఆ ఇంటి తలుపు తీయగానే కొత్త రంగు వాసన వచ్చింది. గోడలు అద్దంలా మెరుస్తున్నాయి. తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటగది, ఈశాన్యంలో బోరు, అన్నీ కుదిరాయని మా అత్తమ్మ సంతోషించింది. మా వెంట వచ్చిన పంతులు గారు గంటన్నరసేపు ప్రతి గదినీ కొలిచి చూశారు. గోడ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళు మాత్రం మాలో ఒక్కరూ లేరు.

బ్యాంకు లోను మంజూరై, శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందామని అనుకుంటుండగా రెండు రోజులు ముసురు పట్టింది. బీరువా ఏ గోడకు పడుతుందో కొలుచుకుందామని నేను ఒక్కదాన్నే తాళం చెవి అడిగి తీసుకుని వెళ్ళాను. ముందు గదిలో మోకాలి ఎత్తున, గోడ పొడవునా, పసుపుపచ్చని గీత ఒకటి తేలి ఉంది. దాని కింద రంగు బుడగలుగా ఉబ్బింది. గోరుతో గీరితే పొర ఊడివచ్చి, లోపలి నుంచి తెల్లని పిండిలాంటి ఉప్పు వేలికి అంటుకుంది. ఇటుకలోకి, ప్లాస్టరింగులోకి, అంటే మా వైపు గిలాబు అని పిలిచే పూతలోకి నీరు చేరినప్పుడు అందులోని లవణాలు కరిగి, ఆ నీరు ఆరిపోతూ గోడ పైకి వచ్చే చోట గడ్డకట్టి, పైనున్న రంగును నెట్టివేస్తాయి. గోడ లోపల తడి ఉన్నంత కాలం ఎన్నిసార్లు రంగు వేసినా ఇదే జరుగుతుంది. పక్కింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడను అడిగితే ఆమె ఏమీ దాచలేదు. “గా యేడు మోకాళ్ళ దాక అచ్చినయ్ బిడ్డా నీళ్ళు. మూడొద్దులు దిగలె” అంది.

గా యేడు అంటే 2023. ఆ జూలై చివరి వారంలో నయీంనగర్ నాలా పొంగి హనుమకొండ కాలనీలు మునగడం, భద్రకాళి చెరువు కట్టకు గండి పడటం ఈ ఊరివాళ్ళకు కొత్తగా చెప్పనక్కర లేదు. అంతకు మూడేళ్ళ ముందు, 2020 ఆగస్టులో కూడా ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఆ నాలాకు ఎంతో దూరంలో లేని ఇంటిని చూడటానికి వెళ్ళి కూడా మేము ఆ ప్రశ్న అడగలేదు. యజమానిని నిలదీస్తే, మీరు అడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నారు. పెద్దమనుషులు కూర్చున్నాక సగం డబ్బు తిరిగి వచ్చింది. పోయిన యాభై వేల కంటే, పిల్లలను తీసుకుని ఆ ఇంట్లో దిగి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనే నన్ను చాలాకాలం వదల్లేదు.

మన దగ్గర ఇల్లు చూసే కాలమే ఇల్లు కనపడని కాలం. పరీక్షలు అయిపోయి పిల్లలకు సెలవులుండే ఏప్రిల్, మే నెలల్లో, పెళ్ళిళ్ళకు బంధువులు ఊళ్ళో ఉన్నప్పుడు ఇళ్ళు చూస్తాము. నలభై రెండు డిగ్రీల ఎండలో ఏ గోడా చెమ్మగా ఉండదు, ఏ స్లాబూ కారదు. ఆషాఢం శూన్యమాసమని జూలైలో ఎవరూ ఇంటి ఊసెత్తరు. సరిగ్గా అప్పుడే వాన పడుతుంది, ఇల్లు తన సంగతి తాను బయటపెడుతుంది. శ్రావణం రాగానే వానలు చూడని ఒప్పందాలన్నీ రిజిస్ట్రేషన్లవుతాయి. శుభకార్యానికి ఆషాఢం వద్దనుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, మా ఇంట్లోనూ పాటిస్తాము. కానీ చూడటం శుభకార్యం కాదు కదా. బేరానికి పోటీ ఉండని నెల, యజమానికి తీరిక ఉండే నెల, పైకప్పు తడిసే నెల మూడూ ఒకటే కావడం కొనేవాళ్ళకు కలిసివచ్చిన సంగతి. ఒక్క బోరును మాత్రం మే నెలలోనే చూడాలి. వానలు పడ్డాక చాలా బోర్లు నిండుగానే పోస్తాయి.

అందుకే 2025లో కాజీపేట వైపు పన్నెండేళ్ళ పాత ఇల్లు ఒకటి నచ్చినప్పుడు, బయానా మాట ఎత్తకుండా, వాన పడ్డ మర్నాడు పొద్దున్నే సుతారి (తాపీమేస్త్రీ) కాకను వెంటపెట్టుకుని వెళ్ళాను. 1996లో బాపు ఇల్లు కట్టినప్పుడు పనిచేసిన మనిషి, ఇప్పుడు డెబ్బై దాటాయి, మెట్లెక్కడానికి గోడ పట్టుకుంటాడు. ఆయన తెచ్చుకున్న సామాను ఒక తాపీ, ఒక తూకం గుండు, నీళ్ళు పోసిన సన్నని లెవెల్ పైపు, అంతే. ఇంటి బయట ఒక చుట్టు తిరిగి, మోరీలోకి నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి, ఆ తర్వాతే లోపలికి వచ్చాడు. కుర్చీ మీద నిలబడి తాపీని తిప్పి పట్టుకుని, దాని కర్ర పిడితో స్లాబు అడుగున జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్ అని మూడు గదులు దాటాక, స్నానాల గది ముందర చప్పుడు మారింది. “ఇగో, ఈడ ఇను బిడ్డా. గట్టిగున్న కాడ టక్కుమంటది, డొల్లగున్న కాడ డబ్బుమంటది” అని నన్ను కుర్చీ ఎక్కించి నా చేత కొట్టించాడు. రెండు అరచేతులంత చోటు అది. కంటికి ఏమీ కనిపించడం లేదు, తెల్లగా, నున్నగా ఉంది. చెవికి మాత్రం స్పష్టంగా తెలిసింది.

ఆ డొల్ల చప్పుడుకు కారణం లోపలి సలాక, అంటే ఇనుప కడ్డీ, తుప్పు పట్టడం. స్లాబు పోసేటప్పుడు సలాక కింద 20 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు ఉండాలి. దానికోసం పెట్టవలసిన దిమ్మెలను పెట్టకుండా సలాకను సెంట్రింగు (కాంక్రీటు పోయడానికి కింద కట్టే అచ్చు) మీద అలాగే పరిస్తే, పూత తప్ప దానికి రక్షణ ఉండదు. పైనుంచి నీరు దిగినకొద్దీ ఇనుము తుప్పుగా మారుతుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కింది కాంక్రీటును పొరగా విడదీస్తుంది. మొదట చప్పుడు మారుతుంది, తర్వాత సలాక వెంబడి సన్నని గీత పడుతుంది, చివరికి పెచ్చులూడుతుంది. పెచ్చులూడిన చోట సిమెంటు పామి రంగు వేస్తే ఏడాదో రెండేళ్ళో నిలుస్తుంది. వదులైనదంతా చెక్కి, సలాకను చుట్టూ బయటపెట్టి, ఇనుప బ్రష్షుతో తుప్పు రాల్చి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చడం అసలు మరమ్మతు. అంతకంటే ముందు పైనుంచి వచ్చే నీటిని ఆపాలి. ఈ క్రమం తలకిందులైతే పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది. మా వీధిలోనే అలా మూడుసార్లు గిలాబు చేయించిన ఇల్లుంది.

మిద్దె మీద నీళ్ళు రెండు చోట్ల నిలిచి ఉన్నాయి. నీరు బయటికి పోయే గొట్టం వైపు వాలు ఉండవలసిన చోట సుతారి కాక లెవెల్ పైపు పట్టి చూపిస్తే, గొట్టం దగ్గరే అరంగుళం ఎత్తు ఉంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో పాకుడు పట్టి ఉంది. కారే స్లాబుల్లో ఎక్కువ భాగం నడిమధ్యలో కాదు, ఆ మూలలోనే కారతాయని ఆయన అనుభవం. పైకప్పు మీద అనుమానముంటే గొట్టాలు మూసి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, 48 గంటల తర్వాత కింద చూడమని చెప్పాడు. యజమాని పెద్దమనిషి, ఒప్పుకున్నారు. ఒప్పుకోని వాళ్ళ ఇంటి గురించి నేనైతే ఇంకోసారి ఆలోచిస్తాను.

పడకగది కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు పైకి పోయింది. ఇది 2024 డిసెంబరు 4న వచ్చిన భూకంపంలో పడిందని యజమాని చెప్పారు. ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపం ఆ రోజు పొద్దున్నే మమ్మల్నీ బయటికి ఉరికించింది కాబట్టి నేను ఆ మాట నమ్మాను. సుతారి కాక నమ్మలేదు. ఫోను లైటు పగులు లోపలికి వేసి చూపించాడు. పగులు అంచుల లోపల కూడా రంగు ఉంది, అదీ రెండు రంగులు, కింద పాత నీలం, మీద ఇప్పటి తెలుపు. రంగు లోపలికి దిగిందంటే రంగు వేసేనాటికే పగులు ఉన్నట్టు. యజమాని కావాలని అబద్ధం చెప్పారని నేను అనుకోను. భూకంపం వచ్చాక ఊరంతా గోడలు చూసుకున్నది, అంతకుముందు నుంచీ ఉన్నవి అప్పుడు కంటపడ్డాయి.

పగుళ్ళన్నీ ఒకటి కావని ఆ రోజే నేర్చుకున్నాను. సాలెగూడులా అన్ని వైపులా పాకే వెంట్రుకవాసి పగుళ్ళు గిలాబు త్వరగా ఆరిపోవడం వల్ల వచ్చినవి, వాటికి భయపడనక్కర లేదు. పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువుగా పడేవి, రెండు వస్తువులు ఎండకు వేర్వేరుగా సాగడం వల్ల వచ్చినవి. ఆ అతుకు మీద ఇనుప జాలీ కొట్టి గిలాబు చేస్తే ఆగుతాయి. కిటికీ, దర్వాజా మూలల నుంచి మెట్లమెట్లుగా ఏటవాలుగా పోయేవే పునాది కదలికను చెబుతాయి. గేటు పక్కన మొక్క కోసం తవ్విన గుంతలో చూస్తే నల్లరేగడి. వరంగల్ చుట్టుపక్కల చెల్క నేల (ఎర్రని ఇసుక నేల), రేగడి నేల రెండూ ఉన్నాయి, ఒకే కాలనీలో కూడా మారుతుంటాయి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలు విచ్చుతుంది. పత్తికి బంగారమైన ఆ గుణమే తక్కువ లోతు పునాదికి శత్రువు.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ దగ్గర ఇల్లు కొన్న మా మేనల్లుడితో ఈ మాట చెబితే వాడు ఆశ్చర్యపోయాడు. అక్కడి నేల కూడా ఇలాగే ఉబ్బి ముడుచుకునే నల్లమట్టి, ఇళ్ళ పునాదులు అక్కడా కదులుతుంటాయి. తేడా అల్లా ఏమిటంటే, టెక్సాస్‌లో ఇల్లు అమ్మేవారు తమకు తెలిసిన లోపాలను రాతపూర్వకంగా కొనేవారికి ఇవ్వాలి. కొనేవారు కొద్ది రుసుము చెల్లించి కొన్ని రోజుల గడువు తీసుకుని, లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరుతో ఇల్లంతా పరీక్ష చేయించుకుని, నచ్చకపోతే ఆ గడువులోగా తప్పుకోవచ్చు. మన దగ్గర ఆ పని చేసేవాళ్ళెవరు? బ్యాంకు నుంచి వాల్యుయేషన్‌కు ఇంజనీరు వస్తారు కాబట్టి ఇల్లు పరీక్ష అయిపోయిందని చాలామంది ధైర్యపడతారు. మేమూ మొదటి ఇంటి విషయంలో అలాగే ధైర్యపడ్డాము. ఆయన చూసేది అప్పు తిరిగి రాకపోతే ఆ ఆస్తి బ్యాంకుకు ఎంత పలుకుతుందన్నది. స్నానాల గది పైపు ఎక్కడ కారుతున్నదన్నది ఆయన పని కాదు.

కరెంటు పని సుతారికి తెలియదు కాబట్టి మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచాము. గీజరు బోర్డు విప్పగానే ఆకుపచ్చ వైరు కనిపించింది, ఎర్తింగు ఉందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అతను దాన్ని రెండు వేళ్ళతో లాగితే, నాలుగంగుళాల ముక్క ఊడి చేతికి వచ్చింది. చివర నల్ల టేపు చుట్టి ఉంది, అటువైపు దేనికీ కలపలేదు. బోర్డు విప్పి చూసేవాళ్ళ కోసం పెట్టిన వైరు అది. ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా పిల్లలు ఆ గీజరు కింద స్నానం చేశారు. ఎంసీబీలు, అంటే కరెంటు మోతాదు మించితే ఆగిపోయే స్విచ్చులు ఉన్నాయి, అవి వైర్లను కాపాడతాయి. మనిషిని కాపాడేది, కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చు, అది లేదు. ఇల్లు కొన్నా కొనకపోయినా ఈ సంగతి వెంటనే యజమానికి చెప్పి, ఆ సాయంత్రమే గీజరు ఆపించాను.

ఇక బాపు ఇల్లు అమ్మిన సంగతి. మధ్యవర్తి మొదటి రోజే, “ముప్పై వేలు పెట్టి రంగు ఏపియ్యుండ్రి మేడం, మూడు లక్షలు ఎక్కువొస్తయ్” అన్నాడు. అతని లెక్క తప్పు కాదు, మొదటి ఇంటి విషయంలో మేము సరిగ్గా అలాగే మోసపోయాము. మా తమ్ముడు కూడా అదే మంచిదన్నాడు. నేను ఒప్పుకోలేదు. సుతారి కాకను ఆ ఇంటికి కూడా తీసుకెళ్ళి, కొనేవాడి కళ్ళతో చూడమన్నాను. తను కట్టిన ఇంటిలో తప్పులు వెతకడం ఆయనకు కష్టంగా ఉందని తెలుస్తూనే ఉంది, అయినా ఒక్కటీ వదల్లేదు. వంటగది ఉత్తరం మూల స్లాబు డొల్లగా ఉంది. స్నానాల గది వెనుక గోడ నెమ్ము ఎక్కింది. సంపు సగం పైన నీళ్ళు నిలవవు. రెండు గదులకు ఎర్తింగు లేదు. 2010లో వెనుక వేసిన గది మున్సిపల్ అనుమతి ప్లానులో లేదు.

వీటిలో ఏవి బాగుచేయించి అమ్మాలి, ఏవి చెప్పి అమ్మాలి అన్నది మా ఇంట్లో వారం రోజుల చర్చ. ప్రాణానికి ముప్పు ఉన్నవీ, నీరు లోపలికి రానిచ్చేవీ మనమే చేయించాలని నా అభిప్రాయం. అందుకే ఎర్తింగు గుంత తీయించి వైరింగు కలిపించాము, స్నానాల గది పైపు మార్పించాము. టైల్స్, వంటగది గట్టు జోలికి పోలేదు, కొనేవాళ్ళు తమకు నచ్చినట్టు పగలగొట్టి మార్చుకుంటారు. స్లాబు మరమ్మతుకు, సంపుకు ఖర్చు ఎంతవుతుందో రాయించి పెట్టాము. మిగిలిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇల్లు చూపించక ముందే ఇచ్చాను. ఇది నా మంచితనం మాత్రమే కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా వారి కంటపడని ముఖ్యమైన లోపాన్ని చెప్పడం అమ్మేవారి బాధ్యత. అడగలేదు కదా అన్న జవాబు అక్కడ చెల్లదు. ఈ సెక్షన్ సంగతి నాకు బయానా పోయిన తర్వాత తెలిసింది.

కాగితం చదివి ఇద్దరు వెనక్కి తిరిగిపోయారు. మూడోసారి నర్సంపేట వైపు నుంచి ఒక యువ ఉపాధ్యాయుడు, భార్య, తండ్రి వచ్చారు. ఆ తండ్రి రైతు, కాగితం కొడుకు చేతికిచ్చి, తిన్నగా స్నానాల గది వెనక్కి పోయి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. “ఇంక ఏమన్నున్నయా అమ్మా?” అని అడిగాడు. నాకు తెలిసినంత వరకు ఇవేనన్నాను. స్లాబుకు, సంపుకు రాయించిన అరవై ఐదు వేలు ధరలో తగ్గించుకుని బేరం ముగిసింది. వెనుక గది అనుమతిలో లేదన్న మాట, తగ్గించిన మొత్తం ఎందుకన్నది రెండూ అగ్రిమెంటులో రాయించాము. రాష్ట్రంలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం అవుతుంది, యాభై లక్షల ఇంటికి మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. అంత కట్టిన తర్వాత కొత్తగా ఇంట్లో దిగిన కుటుంబం చేతిలో స్లాబు చెక్కించడానికి డబ్బు మిగలదు. అందుకే ఆ ఖర్చు రిజిస్ట్రేషన్‌కు ముందే లెక్కలోకి రావాలి. తాళాలతో పాటు బాపు నోటుబుక్కు కూడా వాళ్ళకు ఇచ్చాను. ఏ గోడలో ఏ పైపు పోయిందో, సెప్టిక్ ట్యాంకు మూత ఏ బండ కింద ఉందో ఆయన బొమ్మ గీసి పెట్టుకున్నాడు. ఇవ్వడానికి మా తమ్ముడికి మనసొప్పలేదు. చివరికి ఫోటోలు తీసుకుని తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు.

కాజీపేట ఇంటిని శ్రావణంలో కొన్నాము. యజమాని మిద్దె వాలు సరిచేయించి, వైరింగు మార్పించి ఇచ్చారు. స్లాబు మరమ్మతు మేమే దగ్గరుండి చేయించుకుంటామని ధరలో తగ్గించుకున్నాము. బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే కరిగిన లవణాలు లీటరుకు 900 మిల్లీగ్రాములు వచ్చాయి. తాగునీటికి 500 దాటకుండా ఉండటం మేలు, వేరే గతి లేకపోతే 2,000 వరకు అని మన ప్రమాణం. అందుకని తాగడానికి నల్లా నీళ్ళే పట్టుకుంటున్నాము.

పడకగది పగులుకు మాత్రం సుతారి కాక ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. పగులు ఆగిన చోట పెన్సిలుతో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయమన్నాడు. దానికి అడ్డంగా ఒక సన్నని గాజు ముక్కను రెండు చివర్లా సిమెంటుతో అతికించాడు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. రేగడి నేల సంగతి ఒక వానాకాలంతో తేలదు, ఒక ఎండాకాలం కూడా చూడాలన్నాడు. గృహప్రవేశానికి ఇల్లంతా రంగు వేయించి ఆ ఒక్క గోడ వదిలేశాము. ఫోటోల్లో మా అత్తమ్మ వెనుక ఆ పగులు, పెన్సిలు గీత, దాని పక్కన నా చేతిరాతలో ఆగస్టు తేదీ కనిపిస్తాయి. సంక్రాంతికి చూసినప్పుడు పగులు గీత దాటలేదు, గాజు చెక్కు చెదరలేదు. మే నెల దాటాక సుతారి కాకను మళ్ళీ పిలుస్తాము.